మూడున్నరకు కొలత ఎందుకు లేదంటే

ఈ విషయం మీద ఇంతవరకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఒకసారి మాత్రం "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని అచ్చు వేసిన కార్డు వచ్చింది. దాని మీద నా పేరు తప్పు రాశారు. ఆ కార్డును నేను జవాబు కింద జమకట్టను.

ఇక్కడ అరిజోనాలో, చాండ్లర్ ఊళ్ళో మనవాళ్ళు నడిపే ఈ పత్రికకు కూడా రెండేళ్ళ కిందటే పంపాను. ఎడిటర్ కుర్రాడు కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, మర్యాదస్తుడే. ఫోన్ చేసి, "అంకుల్, బాగుంది కానీ కొంచెం ఇన్‌స్పైరింగ్‌గా రాస్తారా? యూత్ కనెక్ట్ అవ్వాలి కదా. ఈ కంట్రీకి ఎట్లా వచ్చారు, ఎంత స్ట్రగుల్ అయ్యారు, అట్లాంటివి," అన్నాడు. నేను స్ట్రగుల్ అయింది ఇందులో రాసిన ఎడారి ఊట కోసమే నాయనా అన్నాను. "ఓకే అంకుల్, చూస్తాం," అన్నాడు. రెండేళ్ళు చూశాడు. ఈసారి ఎవరో ఇస్తామన్న వ్యాసం ఇవ్వలేదట, పేజీలు మిగిలాయట. అలా నాకు చోటు దొరికింది. ఎలా దొరికినా వదులుకునేవాణ్ణి కాను.

ఎందుకంటే ఈ ఏడాది ఆ ఊట కింది లోయలో పాత బోరును మళ్ళీ నడుపుతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. బోరు నడిస్తే ఊటకు నష్టం లేదనడానికి దరఖాస్తుతో పాటు ఒక గ్రాఫ్ జతచేసింది. ఆ గ్రాఫ్ నలభై ఏళ్ళ కిందట నేను రంగు పెన్సిళ్ళతో గీసింది. అది తప్పు. తప్పని నేనే చెబుతున్నాను. వినేవాళ్ళు కావాలి.

డెబ్బైల చివర, అనంతపురం జిల్లాలో బావుల నీటిమట్టాలు కొలిచే ఉద్యోగం వదిలి చదువుకు వచ్చి, చదువయ్యాక అరిజోనాలో ఎడారి భూములు చూసే ఒక ఆఫీసులో చేరాను. ఫీనిక్స్‌కు పడమరగా ఒక చిన్న ఊళ్ళో ఆఫీసు. నా పని ఊటలు కొలవడం. నాకు ముందు ఆ పని చేసినాయన అప్పుడే రిటైరయ్యాడు. మొదటి రోజు మా సూపర్‌వైజర్ నన్ను అందరికీ చూపించి, "వీరు మన కొత్త నీళ్ళ మనిషి. పేరు నేను పలకలేను, ప్రయత్నించను కూడా," అన్నాడు. అందరూ నవ్వారు. నా పేరు మూడక్షరాలు. ఆయన ఇంటిపేరు అయిదక్షరాలు, నేను మొదటి రోజే నేర్చుకున్నాను.

నేను చెప్పే ఊట ఆఫీసుకు మూడు గంటల దూరం, అందులో సగం మట్టిదారి. నల్లటి కొండ మొదట్లో ఒక బండ చీలిక. అందులోంచి వచ్చే నీళ్ళు ఒక ఇనుప గొట్టం గుండా సిమెంటు తొట్టిలో పడతాయి. చుట్టూ ఏడెనిమిది కాటన్‌వుడ్ చెట్లు, వాటి కింద మెస్కీట్ పొదలు. మెస్కీట్ అంటే కొత్త చెట్టనుకోకండి, మన సర్కారు తుమ్మకు తోబుట్టువే. మావైపు ఇలాంటి ఊటను బుగ్గ అంటారు. బుగ్గ దగ్గర గుడి ఉంటుంది. ఇక్కడ గుడి లేదు గానీ బండ మీద రోళ్ళున్నాయి. ఎన్ని తరాల ఆడవాళ్ళు మెస్కీట్ కాయలు దంచితే రాయి అంత లోతుకు దిగుతుందో నేను చెప్పలేను. మోచేయి దాకా చెయ్యి పట్టేది. ఆ రోళ్ళ పక్కన బంగారం వెతుకుతూ వచ్చినవాళ్ళు కట్టిన మొండి గోడ ఉంది. తొట్టి ఒక పశువులాయన పోయించింది. ఎవరు వచ్చినా తమ గుర్తు ఒకటి వదిలిపోయారు. ఏ గుర్తూ వదలకుండా తాగి పోయింది కొండగొర్రెలు, కౌజుపిట్టలు, తేనెటీగలు.

కొలవడం పెద్ద విద్య కాదు. అయిదు గ్యాలన్ల బకెట్టు గొట్టం కింద పెట్టి, నిండడానికి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూడాలి. త్వరగా నిండితే నీళ్ళు ఎక్కువ, ఆలస్యమైతే తక్కువ. అంతే. నెలకొకసారి వెళ్ళేవాణ్ణి. సాయంత్రమే బయలుదేరి, ఊటకు అర మైలు ఇవతల ట్రక్కులో పడుకుని, పొద్దు పొడిచే వేళకు బకెట్టు పెట్టేవాణ్ణి. అనంతపురంలో మా పై అధికారి నేర్పిన పద్ధతది. ఊరు లేచి నీళ్ళు తోడకముందే బావి కొలవాలి, లేకపోతే నువ్వు కొలిచేది బావిని కాదు, బిందెలని అనేవారు. ఆ మాట నాకు రక్తంలో ఇంకిపోయింది.

కాగితం మీద తేదీ, కొలత, వేళ అని మూడు గడులు. వేళ గడిని నేను ఖాళీగా వదిలేసేవాణ్ణి. మొదటి నెల "ఉదయం 5.40" అని రాస్తే సూపర్‌వైజర్ పిలిచాడు.

"డ్యూటీ ఎన్నింటికి మొదలు?"

"ఎనిమిదికి."

"మరి అయిదూ నలభైకి పని చేశానని రాస్తే నిన్ను ఓవర్‌టైమ్ కింద నేనెక్కడ చూపించాలి? ఎప్పుడైనా కొలుచుకో. రాయకు."

పాత కాగితాలు చూస్తే నా ముందాయన కూడా ఆ గడి నింపలేదు. సరే, ఇదిక్కడి ఆనవాయితీ అనుకున్నాను. మూడేళ్ళు ఖాళీగానే వదిలేశాను. ఈ తప్పు నాది. ఇందులో ఎవరికీ వాటా ఇవ్వను.

నేను చేరిన సంవత్సరమే ఒక గని కంపెనీ ఊట కింది లోయలో బోరు వేసి, పరీక్ష కోసం నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. ఒప్పందం తేలికే. పరీక్ష కాలంలో ఊట తగ్గకపోతే శాశ్వతంగా తోడుకోవచ్చు. తగ్గితే బోరు మూసెయ్యాలి. తగ్గిందో లేదో చెప్పాల్సింది నా బకెట్టు.

మూడేళ్ళయ్యాక గ్రాఫ్ గీశాను. నా ముందాయన కాలంలో బకెట్టు నిండడానికి డెబ్బై సెకన్లు పట్టేది. బోరు మొదలయ్యాక, అంటే నా కాలంలో, అరవై. ఊట తగ్గలేదు సరికదా, పెరిగింది! నాకూ వింతగానే అనిపించింది. కానీ సూపర్‌వైజర్ గ్రాఫ్ చూసి మొదటిసారి నా భుజం తట్టాడు. "చక్కటి పని," అన్నాడు. భుజం తట్టించుకున్నవాడికి అనుమానాలు త్వరగా పోతాయి.

అనుమానం పోనిది ఒక్కరికే. మా ఆఫీసులో జంతువుల సంగతి చూసే ఒకమ్మాయి ఉండేది. పొడుగు మనిషి, టోపీ తీసేది కాదు, మొహమాటం తెలియదు. గ్రాఫ్ గోడకు తగిలించిన రోజే వచ్చి నిలదీసింది.

"నీళ్ళు పెరిగాయంటున్నావు. మరి నా గొర్రెలు మధ్యాహ్నం వచ్చి బురద నాకి ఎందుకు పోతున్నాయి?"

"నీ గొర్రెల చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చావా?" అన్నాను.

ఆమె "లేదు. నీకిచ్చారు కదా, అదే నా బాధ," అని వెళ్ళిపోయింది.

నాకు జరిగిన అవమానాలన్నీ నేను గుర్తుపెట్టుకుంటానని మా ఆవిడ అంటుంది. నిజమే. అయితే నేను చేసినవీ గుర్తుంటాయి. ఆ స్టాప్‌వాచ్ మాట అందులో మొదటిది.

బోరు అనుమతి మీద జరిగే హియరింగ్‌కు నెల రోజులుందనగా, మే నెలలో, మామూలుగా పొద్దున కొలిచి బకెట్టు బోర్లిస్తుంటే ఒక పాత పికప్ వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలామె, నడపడానికి వచ్చిన ఆమె కూతురు దిగారు. ఆ నేల మొదట్నుంచీ ఎవరిదో ఆ ఆదివాసీ జాతి మనిషి ఆమె. ఆ రోళ్ళలో ఆమె నాయనమ్మ దంచిందట. మా ఊళ్ళో అయితే ఆ వయసువాళ్ళను అవ్వ అంటాం. నేనూ మనసులో అలాగే అనుకునేవాణ్ణి. అంతకుముందు రెండుమూడుసార్లు కనిపించి తల ఊపుకున్నాం, అంతే. రెండు జాడీల నీళ్ళకు అంత దూరం నుంచి వచ్చేది. ఇంట్లో కొళాయి ఉంది, అయినా వచ్చేది.

ఆమె మాటల్ని మన మాటల్లో చెబుతున్నాను.

"బకెట్టబ్బాయ్, కొలిస్తే పెరుగుతోందా?"

"పెరిగింది," అన్నాను గర్వంగా. గ్రాఫ్ సంగతి చెప్పాను.

ఆమె కూతురి వంక చూసి నవ్వింది. "మధ్యాహ్నం కొలిచావా ఎప్పుడైనా?"

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మధ్యాహ్నం చెట్లు తాగుతాయి. ఎండెక్కేకొద్దీ అవి లాగుతుంటే గొట్టంలోకి ఏమొస్తుంది? అందుకే మా నాయనమ్మ బండ మీద ఎండ పడకముందే నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేది. పొద్దున మన వంతు, మధ్యాహ్నం చెట్ల వంతు, పొద్దు వాలాక కొండ దిగేవాళ్ళ వంతు. నీకెవరూ చెప్పలేదూ?"

చెట్లు నీళ్ళు లాగుతాయని నాకు పాఠం చెప్పారు. పరీక్ష రాసి పాసయ్యాను కూడా. కానీ ఆ పాఠాన్ని ఈ బకెట్టు దగ్గరికి ఎప్పుడూ తీసుకురాలేదు. ట్రక్కులో ఎక్కిన దగ్గర్నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. నా ముందాయన ఏ వేళకు కొలిచాడు?

ఊరికి చేరగానే ఆయనకు ఫోన్ చేశాను. "పొద్దున్నే ఎవడు వెళ్తాడయ్యా అక్కడికి?" అన్నాడు. "తొమ్మిదింటికి బయలుదేరి, చెట్టు కింద లంచ్ తిని, ఓ కునుకు తీసి, మూడింటికి బకెట్టు పెట్టేవాణ్ణి. అక్కడ కునుకు చాలా బాగుంటుంది. నువ్వు తియ్యవూ?"

ఆయన డెబ్బై సెకన్లు మధ్యాహ్నానివి. నా అరవై పొద్దుటివి. నేను కలిపి గీసింది రెండు వేర్వేరు ఊటలను. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ, "అయితే మధ్యాహ్నం కూడా వెళ్ళి కొలవండి, ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? మన వంటింటి కొళాయి కారుతోంది, వచ్చాక దానికింద కూడా బకెట్టు పెట్టండి," అంది.

మర్నాడు సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆయన గ్రాఫ్ వంక, నా వంక చూసి, "అది కంపెనీకి పంపేశాం. హియరింగ్ దగ్గర పడింది. ఇప్పుడు గోల చేస్తే ఎవరు పనికిరానివాడిలా కనిపిస్తారో తెలుసా?" అన్నాడు. "నేనే," అన్నాను. "తెలిసి కూడానా?" అన్నాడు. రాతపూర్వకంగా ఇచ్చాను. నా మొదటి ఉత్తరం అదే. సొరుగులో పెట్టుకున్నాడు.

సెలవు పెట్టాను. హియరింగ్‌కు పది రోజుల ముందు, జూన్ నెలలో ఒక శనివారం, పొద్దు పొడుపు నుంచి పొద్దుగూకే దాకా అరగంటకొకసారి కొలవాలని నిశ్చయం. జంతువులమ్మాయిని క్షమాపణ అడిగి రమ్మన్నాను. "క్షమాపణ తర్వాత చూద్దాం, వాటర్ క్యాన్ ఎవరు తెస్తున్నారు?" అంది. అవ్వ కూడా కూతురితో వచ్చింది. రమ్మని నేను పిలవలేదు. "బకెట్టబ్బాయి తెలివి తెచ్చుకునే రోజు చూడాలి కదా," అంది.

ఆ రోజు ప్రతి గడి నింపాను. అయిదున్నరకు అరవై సెకన్లు. ఎనిమిదికి అరవై అయిదు. పదింటికి డెబ్బై అయిదు. పన్నెండుకు తొంభై అయిదు. చెట్ల ఆకులు గలగలమంటుంటే నాకు వాటిమీద కోపం వచ్చింది, మళ్ళీ సిగ్గేసింది. ఎండకు స్టాప్‌వాచ్ చేతిలో కాలుతుంటే తడి రుమాలు చుట్టాను. మూడింటికి బకెట్టు నిండడానికి సరిగ్గా రెండు నిమిషాలు పట్టింది. మూడింటికి ముందాయన లెక్క డెబ్బై సెకన్లు. అంటే బోరు వచ్చాక ఊట పెరగడం కాదు, దాదాపు సగం పోయింది. బోరు లాగేసిన నీళ్ళను, పెరిగాయని చెప్పి నేను కప్పెట్టాను.

మూడున్నర కొలతకు లేవబోతుంటే జంతువులమ్మాయి గొంతు తగ్గించి, "కదలొద్దు," అంది.

కొండ మీంచి గొర్రెలు దిగుతున్నాయి. ముందు ఒక ముసలి ఆడగొర్రె, వెనక పిల్లతల్లులు రెండు, రెండు పిల్లలు. మేం పొదల వెనక ఉన్నాం. బకెట్టు గొట్టం పక్కనే బోర్లించి ఉంది. ముసలి గొర్రె ఆ బకెట్టు చూసి ఆగిపోయింది. తొట్టిలో బెత్తెడు నీళ్ళు కూడా లేవు. నా వాచీలో మూడూ ఇరవై తొమ్మిది.

మీరు నవ్వుకోవచ్చు గానీ, నాకు ఆ కొలత కావాలి. వరుసలో ఒక్క గడి ఖాళీగా ఉంటే కాగితం చదివేవాళ్ళు దాన్నే పట్టుకుంటారని అప్పటికే నాకు తెలుసు. మోకాళ్ళ మీద లేచాను. అవ్వ నా చొక్కా పట్టుకుంది. గట్టిగా ఏం కాదు, రెండు వేళ్ళతో.

"ఇప్పుడు వాళ్ళ వంతు," అంది.

"ఒక్క రెండు నిమిషాలే అవ్వా." తెలుగులోనే అనేశాను.

"ఆ రెండు నిమిషాలకే అవి కొండ దిగి వచ్చాయి."

కూర్చుండిపోయాను. గొర్రెలు బకెట్టుకు అలవాటుపడటానికి పావుగంట పట్టింది. తాగడానికి అంతకంటే ఎక్కువ. తొట్టి ఖాళీ అయ్యాక ముసలి గొర్రె గొట్టం మూతికి నాలుక పెట్టి నిలబడింది. పిల్లలు దాని కాళ్ళ మధ్య రాలే చుక్కలు నాకాయి. అవి వెళ్ళేసరికి నాలుగైంది. మూడున్నర గడిలో ఏం రాయాలి? తోచిన అంకె వెయ్యడం ఎంతసేపు? మూడుకూ నాలుగుకూ మధ్య ఎంతో పసివాడైనా చెబుతాడు. కానీ మూడేళ్ళు ఖాళీ వదిలి చేసిన పాపం నా ముందే ఉంది. ఇంక ఖాళీ వదలను, అబద్ధమూ రాయను అనుకుని ఇలా రాశాను: "గొర్రెలు తాగుతున్నాయి. కొలవలేదు."

హియరింగ్ జిల్లా భవనంలో జరిగింది. సూపర్‌వైజర్ నా గ్రాఫ్‌ను తెర మీద చూపించి "మా సిబ్బంది తయారుచేసింది" అన్నాడు. ప్రొజెక్టర్ నడపమని నన్నే పెట్టాడు. నేను ప్రొజెక్టర్ పక్కనుంచే చెయ్యెత్తి, ఆ గ్రాఫ్ తప్పు, గీసింది నేనే అన్నాను. శనివారం కాగితం ఇచ్చాను. కంపెనీ లాయరు దాన్ని తీరిగ్గా చదివాడు. నేననుకున్నట్టే వేలు ఒకచోట ఆగింది.

"మూడున్నర దగ్గర ఏం రాశారో కాస్త చదివి వినిపిస్తారా సర్?"

చదివాను. నవ్వులు.

"అంటే ఈ శాస్త్రీయ పరీక్ష టైమ్‌టేబుల్ గొర్రెలు నిర్ణయించాయా?"

ఇంకా నవ్వులు. వెనక వరసలోంచి అవ్వ లేచింది. "అవును. ఎప్పట్నించో వాళ్ళే నిర్ణయిస్తున్నారు. మీరు ఆలస్యంగా వచ్చారు," అంది. ఆమె పేరు వక్తల జాబితాలో లేదని కూర్చోబెట్టారు. జంతువులమ్మాయి మాట్లాడింది, అది "అభిప్రాయం" అన్నారు. నా ముందాయన కునుకు సంగతి కార్డు మీద రాసి పంపాడు, అది "ప్రమాణం చేసిన సాక్ష్యం కాదు" అన్నారు. చివరికి హియరింగ్ జరిపిన అధికారి, కొత్త కొలతలు ఒక్క రోజువి, అవీ అసంపూర్ణం, ఆఫీసు రికార్డునే తీసుకుంటున్నాం అన్నాడు. సూపర్‌వైజర్ నా వంక చూడకుండా, "ప్రొజెక్టర్ ఆపెయ్," అన్నాడు.

ఆపాను. అది నా డ్యూటీ.

కంపెనీ అయిదేళ్ళు తోడింది. రెండో వేసవికి పొద్దుటి ధార కూడా నా చిటికెన వేలంత అయింది. కాటన్‌వుడ్‌లలో అన్నింటికంటే పెద్దది ఎండిపోయింది. జంతువులమ్మాయి, నేను సెలవు రోజుల్లో పీపాలతో నీళ్ళు మోసి తొట్టిలో పోశాం. మధ్యాహ్నానికి ముందే పోసి వచ్చేసేవాళ్ళం. ఆ వేసవి నుంచి అవ్వ జాడీలు తేవడం మానేసింది. ఖాళీ చేతులతో వచ్చి, బండ మీద కాసేపు కూర్చుని వెళ్ళేది. "మా రెండు జాడీలు వాళ్ళకు కలుస్తాయి," అంది. ఎనభైల చివర గనిలో సరుకు అయిపోయి కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. బోరుకు మూత బిగించారు. ఊట మెల్లగా తేరుకుంది, పూర్తిగా కాదు. ఆ తిరిగి రావడం చూడడానికి అవ్వ లేదు. కూతురు రెండు జాడీలతో వచ్చింది.

రిటైరయ్యే దాకా ఆ ఊటను నెలకు రెండుసార్లు, పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి కొలిచాను. వేళ గడి ఎప్పుడూ ఖాళీ వదల్లేదు. ఓవర్‌టైమ్ అడిగానని రెండుసార్లు మెమో ఇచ్చారు. అడగలేదు. రాశాను, అంతే. నా రిటైర్‌మెంట్ కేకు మీద కూడా పేరు తప్పే. ఆ ముక్క తినలేదు.

ఇది చదివే పిల్లలు చాలామంది ఇంజనీర్లు. వేళ మీ మెషీనే వేస్తుంది, మాలా గడులు నింపే పని లేదంటారు. ఉండకపోవచ్చు. కానీ ఎక్కడో ఒకచోట మీరూ, పై వాడు రాయొద్దన్నాడని, ఒక చిన్న గడి వదిలేస్తారు. అది చిన్నదే. నాది వేలెడు వెడల్పు కూడా లేదు. దాని మీదే అయిదేళ్ళు బోరు నడిచింది.

ఇక ఆఫీసువారికి. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో నాకు తెలియదు. నేను చేరినప్పుడు మీరు పుట్టి ఉండకపోవచ్చు. తప్పు మీది కాదు, అయినా ఫైలు మీ దగ్గరుంది. కొత్త దరఖాస్తులో కంపెనీవాళ్ళు నా గ్రాఫ్ పెట్టారు. దాని కింద నా పేరు కూడా వేశారు. ఈసారి స్పెల్లింగ్ సరిగ్గా వేశారు, అదే నాకు ఎక్కువ బాధ. ఆ గ్రాఫ్ కింద "మొదటి కొలతలు మధ్యాహ్నం మూడింటివి, తర్వాతివి పొద్దుటివి, పోల్చడానికి పనికిరావు" అని ఒక్క వాక్యం రాయండి. ఆ శనివారం కాగితం దానికి జతచెయ్యండి. అసలు కాగితం మీ దగ్గర లేకపోతే నా దగ్గర నకలుంది, నేనే తెచ్చి ఇస్తాను. రాస్తారా, రాయరా? కార్డు వద్దు. ధన్యవాదాలు వద్దు. రాస్తామనో రాయమనో సంతకం పెట్టి, తేదీ వేసి, వేళ కూడా వేసి జవాబివ్వండి.

జతచేసేటప్పుడు మూడున్నర గడిలో మాత్రం ఎవరూ అంకె నింపకండి. అక్కడ రాయాల్సింది రాసే ఉంది. నేనడిగినదానికి జవాబు చెప్పండి.